రెనే ఎక్కడికి పోయాడు?

మా ఇంట్లో పుస్తకాలు రెండు చోట్ల ఉంటాయి. పైన హాల్లో, వచ్చినవాళ్లకి కనబడేట్టు, కొడవటిగంటి, రావిశాస్త్రి, చలం. కింద బేస్‌మెంట్‌లో, ఫర్నేసు పక్కన, నాలుగు అట్టపెట్టెల్లో స్టార్ ట్రెక్ నవలలు. ఈ శీర్షిక మొదలుపెట్టినప్పటి నుంచీ హాల్లో ఉన్న పుస్తకాల గురించే రాస్తూ వచ్చాను. కింద ఉన్నవాటి గురించి ఒక్కసారీ రాయలేదు. సిగ్గు అనే అనుకోండి. ఈ నెల ఆ సిగ్గు వదిలేస్తున్నాను.

స్టార్ ట్రెక్ ఎప్పుడూ చూడనివాళ్ల కోసం రెండు మాటలు. 1966లో అమెరికా టీవీలో మొదలైన సైన్స్ ఫిక్షన్ సిరీస్ అది. ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్షనౌక, దాని సిబ్బంది, వారానికో కొత్త లోకం. అందులో కెప్టెన్ కిర్క్ వేసిన విలియం షాట్నర్ మాంట్రియల్ మనిషి. ఇంజనీర్ స్కాటీ వేసిన జేమ్స్ డూహన్ వాంకూవర్‌లో పుట్టి, 1944లో కెనడా సైన్యంతో నార్మండీ తీరంలో దిగి, అక్కడ ఒక వేలు పోగొట్టుకున్నవాడు. మన దూరదర్శన్‌లో 1980ల్లో ఆదివారాలు పొద్దున వచ్చేది. మాకు ఆ ఇంగ్లీషు ముక్క అర్థమయ్యేది కాదు. స్పాక్ చెవులు చూడటానికి కూచునేవాళ్లం.

మూడేళ్లకే ఆ సిరీస్ ఆగిపోయింది. తర్వాత దాని పేరు మీద ఇంకా చాలా సిరీస్‌లు, సినిమాలు వచ్చాయి. వాటితో పాటే, వాటి పాత్రలతోనే, వందల కొద్దీ నవలలు కూడా వచ్చాయి. నేను చెప్పబోయేది ఈ నవలల సంగతి.

తెలుగువాళ్లకి ఈ వ్యవహారం కొత్తేమీ కాదు. మనకి వెండితెర నవలలు ఉండేవి. సినిమా ఊళ్లోంచి వెళ్లిపోయాక కథ మళ్లీ కావాలంటే ఆ పుస్తకమే దిక్కు. ముళ్లపూడి వెంకటరమణ గారంతటివారు వాటిని రాశారు. స్టార్ ట్రెక్ పుస్తకాలు మొదలైంది కూడా సరిగ్గా ఈ అవసరంతోనే. వీడియో క్యాసెట్లు లేని రోజులు. ఒక ఎపిసోడ్ తప్పిపోతే మళ్లీ వేసేదాకా ఆగాలి. 1967 నుంచి జేమ్స్ బ్లిష్ ఆ ఎపిసోడ్లను చిన్న కథలుగా రాసి పుస్తకాలుగా తెచ్చాడు. అప్పటికే హ్యూగో అవార్డు తీసుకున్న రచయిత ఆయన. అదే బ్లిష్ 1970లో టీవీలో రాని కథతో ‘స్పాక్ మస్ట్ డై!’ అనే సొంత నవల రాశాడు. 1979 నుంచి పాకెట్ బుక్స్ సంస్థ ఈ నవలలను వరసగా వేస్తూ వచ్చింది.

నేను టొరంటోలో దిగింది 2006 జనవరిలో. ఉద్యోగం ఇంకా దొరకలేదు. స్కార్‌బరోలో బేస్‌మెంట్ అద్దె. పగలు వెచ్చగా, ఖర్చు లేకుండా కూచోగలిగిన చోటు లైబ్రరీ ఒక్కటే. తలుపు దగ్గర, లైబ్రరీ తీసేసిన పుస్తకాలు తక్కువ ధరకి అమ్మే బల్ల ఉండేది. అక్కడ కొన్నాను మొదటి స్టార్ ట్రెక్ నవల. మంచి పుస్తకమని కాదు. ఇంగ్లీషు తేలిగ్గా ఉంది, అట్ట మీద స్పాక్ ఉన్నాడు, చిల్లరలో వచ్చింది. తెలియని ఊళ్లో తెలిసిన మొహం ఒకటి కనబడితే పలకరిస్తాం కదా, అలాగన్నమాట.

ఈ నవలల మీద ఉన్న ఆక్షేపణ నాకు తెలుసు. సాహిత్యం తెలిసిన స్నేహితుడొకాయన మొహం మీదే అన్నాడు: “కూలికి రాసిన పుస్తకాలు, వాటికేం చదువుతారండీ!” మాట కొంత నిజమే. పాత్రలు రచయితవి కావు. కాపీరైటు స్టూడియోది. ఏం రాయబోతున్నాడో ముందు చెప్పి ఒప్పించుకోవాలి, రాశాక మళ్లీ చూపించుకోవాలి. ఒకరకంగా అద్దె ఇంట్లో కాపరం. గోడకు మేకు కొట్టాలన్నా ఇంటాయన్ని అడగాలి. ఖాళీ చేసేటప్పుడు ఇల్లు ఎలా ఉందో అలాగే అప్పగించాలి. నవల మధ్యలో ఏ ప్రళయం వచ్చినా చివరి పేజీకి అందరూ ఎవరి సీట్లో వాళ్లు కూచోవాలి. వచ్చే వారం టీవీలో మళ్లీ కనబడాలి కదా.

కానీ అద్దె ఇంట్లో ఉండేవాళ్లు బతకరా? ఆ గోడల మధ్యనే పెళ్లిళ్లు, పురుళ్లు అన్నీ జరుగుతాయి.

ఉదాహరణకి సూలూ. ఎంటర్‌ప్రైజ్ నడిపే ఆ మనిషికి టీవీ సిరీస్ నడిచినన్నాళ్లూ ఇంటిపేరే తప్ప పేరు లేదు. 1981లో వాండా మెకింటైర్ ‘ది ఎంట్రొపీ ఎఫెక్ట్’ నవల రాస్తూ అతనికి ‘హికారు’ అని పేరు పెట్టింది. పదేళ్ల తర్వాత, 1991లో వచ్చిన ఆరో సినిమాలో, అతని నోటివెంటే ఆ పేరు వినబడింది. అద్దెకున్నావిడ పెట్టిన పేరుని ఇంటివాళ్లు ఖాయం చేసుకున్నారు. ఊహురాకి కూడా ‘న్యోటా’ అన్న పేరు 1980ల్లో పుస్తకాల్లో మొదలై, 2009 సినిమాతో తెరకెక్కింది.

ఇంకో ఉదాహరణ జాన్ ఎం. ఫోర్డ్. టీవీలో క్లింగాన్లంటే వట్టి విలన్లు. 1984లో ఫోర్డ్ ‘ది ఫైనల్ రిఫ్లెక్షన్’ రాశాడు. కథంతా క్లింగాన్ల వైపు నుంచి. ఒక అనాథ కుర్రాడు, చదరంగం లాంటి ఆటలో తనే ఒక పావుగా నిలబడి ఆడేవాడు, పెరిగి నౌకాధిపతి అవుతాడు. వాళ్లకి ఒక మర్యాద, హాస్యం, భయం అన్నీ ఉన్నాయని ఆ పుస్తకం చదువుతుంటే తెలుస్తుంది. కిర్క్ ఆ నవలలో దాదాపు కనబడడు. కనబడేది కూడా ఆ పుస్తకం చదివే పాఠకుడిగానే. తర్వాత టీవీవాళ్లు క్లింగాన్ల సంస్కృతిని వేరే దారిలో కట్టుకున్నారు. ఫోర్డ్ రాసింది చెల్లకుండా పోయింది. కానీ నలభై ఏళ్లయినా క్లింగాన్ల గురించి ఏం చదవమంటారంటే ఆ పుస్తకం పేరే చెప్తారు.

‘చెల్లకుండా పోవడం’ అన్నాను కదా. ఈ వ్యాసం అసలు దాని గురించే.

ఈ లోకంలో ‘కేనన్’ అని ఒక మాట ఉంది. తెర మీద జరిగిందే నిజం. పుస్తకాల్లో జరిగింది తెర మీద వచ్చేదాకా లెక్కలోకి రాదు. మామూలుగా దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. కానీ 2000 తర్వాత ఒక విచిత్రం జరిగింది. ‘డీప్ స్పేస్ నైన్’ సిరీస్ 1999లో, ‘వాయేజర్’ 2001లో ముగిశాయి. పికార్డ్ కెప్టెన్‌గా ఉన్న సిబ్బందితో ఆఖరి సినిమా 2002లో వచ్చి వెళ్లింది. ‘ఎంటర్‌ప్రైజ్’ అనే సిరీస్ కూడా 2005లో ఆగిపోయింది. అంటే ఇంటివాళ్లు ఇల్లు వదిలి ఊరెళ్లిపోయారు. అద్దెకున్నవాళ్లకి మొదటిసారి స్వేచ్ఛ దొరికింది.

2001లో ఎస్. డి. పెర్రీ ‘అవతార్’ అనే పేరుతో (అవును, మన మాటే) రెండు పుస్తకాల్లో డీప్ స్పేస్ నైన్ కథని టీవీ ఆపినచోటు నుంచి ఎత్తుకుంది. తర్వాత మిగతా రచయితలూ కలిశారు. ఇప్పుడు చివరి పేజీకి ఎవరి సీట్లో వాళ్లు కూచోనక్కర్లేదు. మనుషులు పెళ్లిళ్లు చేసుకున్నారు, విడిపోయారు, చనిపోయారు. ఒకరి పుస్తకంలో జరిగినది ఇంకొకరి పుస్తకంలో గుర్తుండేది. సినిమాల్లో ఎన్నడూ ఒంటరిగానే మిగిలిన పికార్డ్, ఈ నవలల్లో డాక్టర్ బెవర్లీని పెళ్లి చేసుకున్నాడు. వాళ్లకి రెనే అని కొడుకు పుట్టాడు.

2008లో డేవిడ్ మాక్ ‘డెస్టినీ’ అని మూడు నవలలు రాశాడు. బోర్గ్ అనే యంత్రజాతి దండయాత్ర, లోకాలకి లోకాలే బూడిద కావడం. అదే ఏడాది చివర మా అమ్మాయి పుట్టింది. రాత్రిళ్లు దాన్ని భుజాన వేసుకుని తిరుగుతూ, ఇంకో చేత్తో ఆ పుస్తకాలు చదివాను. బయట మంచు, మా అమ్మ అనకాపల్లిలో, వీసా పని తేలక రాలేకపోయింది. పిల్లకి కడుపునొప్పో ఆకలో తెలియని అయోమయం. ఆ తర్వాత ఒకటి రెండేళ్లలో వచ్చిన నవలల్లో పికార్డ్ కూడా నాలాగే లేటు వయసులో తండ్రయి, ఇలాంటి లోకంలోకి పిల్లాణ్ణి తేవడం సబబేనా అని దిగులు పడేవాడు. గొప్ప వచనమేం కాదు. కానీ ఆ దిగులు నాది. హాల్లో ఉన్న పుస్తకాల్లో ఆ నెలల్లో ఒక్కటీ నేను తెరవలేదు.

2020 జనవరిలో ఇంటివాళ్లు తిరిగొచ్చారు. ‘స్టార్ ట్రెక్: పికార్డ్’ అని కొత్త టీవీ సిరీస్. మొదటి ఎపిసోడ్ మా అమ్మాయితో కలిసి చూశాను. పికార్డ్ ఫ్రాన్సులో ద్రాక్షతోటలో ఉన్నాడు. ముసలివాడైపోయాడు. భార్య లేదు. కొడుకు లేడు.

“రెనే ఏడీ?” అన్నాను పైకే.

“రెనే ఎవరు నాన్నా?”

చెప్పాను. పదకొండేళ్ల పిల్ల, జాలిగా చూసింది. “అది కేనన్ కాదు నాన్నా. అంటే నిజంగా జరగలేదు.”

తమాషా ఏమిటంటే, ఆ సిరీస్ సృష్టికర్తల్లో ఒకరైన కిర్‌స్టెన్ బేయర్, అంతకుముందు ఏళ్ల తరబడి వాయేజర్ నవలలు రాసినావిడ. అద్దెకున్నావిడే ఇంట్లో మనిషయింది. ఆవిణ్ణి తప్పు పట్టలేను. కొన్ని వేలమంది చదివిన పుస్తకాలకి కట్టుబడి, లక్షలమంది చూసే సిరీస్ తీయమని ఎవరూ అడగలేరు. అయినా ఇరవై ఏళ్ల కథ, ఒక్క ఎపిసోడ్‌తో లేకుండా పోయింది.

మామూలుగా అయితే అక్కడితో ఆ పుస్తకాలు చప్పుడు లేకుండా ఆగిపోవాలి. కానీ రచయితలు తమ కథని తామే ముగించుకున్నారు. 2021 సెప్టెంబరు నుంచి నవంబరు దాకా నెలకొకటిగా ‘కోడా’ అనే మూడు నవలలు వచ్చాయి. రాసింది డేటన్ వార్డ్, జేమ్స్ స్వాలో, డేవిడ్ మాక్. (చదవబోయేవాళ్లు ఈ పేరా వదిలేయండి.) అందులో ఆ మనుషులకి తెలుస్తుంది, తమది అసలు కాలం కాదనీ, ఎక్కడో విడిపోయిన ఒక పాయ అనీ. తమ పాయ మొత్తం చెరిగిపోతేనే మిగతా కాలాలు బతుకుతాయనీ. అది తెలిసీ, తమని ఎవరూ గుర్తుంచుకోరని తెలిసీ, వాళ్లు ఆ పని చేస్తారు. బయట స్టూడియో చేసిన నిర్ణయాన్ని, లోపల తమ మనుషులు ఇష్టపడి చేసిన త్యాగంగా మార్చారు రచయితలు. అద్దె ఇల్లు ఖాళీ చేస్తూ, ఊడ్చి, ముగ్గేసి వెళ్లినట్టుగా ఉంది నాకు. అది చదివి బేస్‌మెంట్‌లో కాసేపు అలా కూచుండిపోయాను.

తర్వాతొక రోజు మా అమ్మాయితో ‘మాయాబజార్’ చూశాం. ఏటా సంక్రాంతికి చూడటం మా ఇంట్లో ఆనవాయితీ. సినిమా అయ్యాక అన్నాను: “ఈ శశిరేఖ ఉంది చూశావా తల్లీ, వ్యాసుడి భారతంలో లేదు. అభిమన్యుడికి అక్కడ ఉత్తర ఒక్కతే భార్య. శశిరేఖని తర్వాత మనవాళ్లు కల్పించుకున్నారు.”

“అంటే శశిరేఖ కేనన్ కాదా?” అంది, నిజంగా కంగారుపడి.

“కాదు.”

కాసేపు ఆలోచించింది. “అయినా సరే, ఉంది,” అంది.

పోయిన నెల కాలేజ్ స్ట్రీట్‌లో లిలియన్ హెచ్. స్మిత్ లైబ్రరీకి వెళ్లాను. వాకిట్లో కంచు సింహం, గ్రిఫిన్ కాపలా కాస్తుంటాయి. పైన మెరిల్ కలెక్షన్ ఉంది. జూడిత్ మెరిల్ అనే రచయిత్రి వియత్నాం యుద్ధం నచ్చక అమెరికా వదిలి 1968లో టొరంటో వచ్చేసి, 1970లో తన సైన్స్ ఫిక్షన్ పుస్తకాలన్నీ ఈ ఊరి లైబ్రరీకి ఇచ్చేసింది. మొదట దానికి ‘స్పేస్డ్ అవుట్ లైబ్రరీ’ అని పేరు. ఇప్పుడది ఆవిడ పేరుతోనే ఉంది. అక్కడి పుస్తకాలు ఇంటికివ్వరు. అక్కడే కూచుని చదవాలి. అవార్డులొచ్చినవీ, చిల్లరకి అమ్మినవీ ఒకే శ్రద్ధతో దాచారు. ఏది కేనన్, ఏది కాదు అని అక్కడ ఎవరూ అడగరు.

మన వెండితెర నవలలు ఎన్ని ఇలా దొరుకుతాయో అనిపించింది. సినిమాలు యూట్యూబులో ఉన్నాయి. పుస్తకాలు ఏ అటక మీదో చెదలు తింటున్నాయి. మీ ఇంట్లో ఉంటే పారేయకండి. ఎవరో ఒకరు పురిటి రోజుల్లోనో, ఉద్యోగం లేని రోజుల్లోనో ఆ పుస్తకంతో బతికి ఉంటారు.

2023లో పికార్డ్ సిరీస్ మూడో భాగంలో ఆయనకి ఒక కొడుకు ఉన్నాడని తేలింది. బెవర్లీ కొడుకే. పేరు జాక్. పెరిగి పెద్దవాడయ్యేదాకా ఆ పిల్లాడు ఉన్నాడనే తండ్రికి తెలియదు. మా అమ్మాయి నా మొహం చూసి, “హ్యాపీయేనా నాన్నా?” అని అడిగింది. బాగానే ఉన్నాడు కుర్రాడు. కానీ పికార్డ్ వాణ్ణి ఎత్తుకుని తిరగలేదు కదా.

ఈ ఆదివారం కింది పెట్టెలు పైకి తెస్తున్నాను. కొడవటిగంటి పక్కన కాస్త చోటుంది.