విప్పి చూస్తే తప్పా?

"ఇంకొకళ్ళ ఆట విప్పి మళ్ళీ కట్టడం కూడా ఓ చదువేనా?" అని మా లెక్చరర్ గారొకరు లాబ్‌లో అందరి ముందూ అడిగేశారు. అప్పుడు నోరు పెగల్లేదు. సావనీరులో చోటు దొరికింది గనక ఇప్పుడు చెబుతున్నాను.

మేం విప్పింది 'త్రీస్' అనే ఫోను ఆట. అషర్ వోల్మర్, గ్రెగ్ వోల్‌వెండ్ 14 నెలలు చెమటోడ్చి 2014 ఫిబ్రవరిలో విడుదల చేశారు. మొత్తం 16 గళ్ళు. ఒకటీ రెండూ కలిస్తే మూడు. ఆపైన సమానమైనవే కలుస్తాయి: మూడూ మూడూ ఆరు, ఆరూ ఆరూ పన్నెండు. ఇంతేగదా, బ్రౌజర్లోకి ఎక్కించడం ఒక్క రాత్రి పని అనుకున్నాం హాస్టల్లో. నిజంగానే ఒక్క రాత్రిలో అయింది. ఆడితే మాత్రం ఉప్పులేని పప్పు!

ఎందుకో తెలియడానికి రెండు వారాలు పట్టింది. నా రూమ్మేటు ఫోన్లో ఆడుతూ వచ్చిన అంకెల్లా పైకి చదవడం, నేను నోట్సులో రాసుకోవడం. మాది లాటరీ, రెండు కోసం చూసి చూసి ఆట చచ్చేది. వాళ్ళది పేకాట. ఒకట్లు, రెళ్ళు, మూళ్ళు నాలుగేసి చొప్పున 12 ముక్కలు కలిపి, అవి అయ్యేదాకా పంచి, మళ్ళీ కలుపుతారు. (పెద్ద అంకెల లెక్క వేరు.) ఎడమకు నెడితే కొత్త ముక్క కుడి అంచునుంచి, అదీ కదిలిన వరసలోకే వస్తుంది. ఇవేవీ తెరమీద రాసి ఉండవు. మాకంటే ముందే చాలామంది ఆటగాళ్ళు కనిపెట్టారట, అది వేరే సంగతి. ప్రాబబిలిటీ పేపరు రెండోసారికి గట్టెక్కిన నాకు ఆ సబ్జెక్టు అప్పుడు తలకెక్కింది. చదువు కాదంటారా?

మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ కూడా, ప్రోగ్రాం నడిచే తీరు గమనించి దాని వెనకున్న సూత్రాలు తెలుసుకోవడాన్ని నేరమనదు. బొమ్మలూ పాటా ఎత్తుకొస్తే వేరే మాట. మేం వాటిని ముట్టుకోలేదు.

అయినా మాస్టారి ప్రశ్నలో సగం న్యాయం ఉంది. 2014 మార్చిలో గాబ్రియేలె చిరుల్లి అనే 19 ఏళ్ళ ఇటలీ కుర్రాడు శనాదివారాల్లో '2048' రాసి బ్రౌజర్లో ఉచితంగా వదిలాడు. లోకమంతా దాన్నే ఆడింది. చివరికి 'త్రీస్'నే దాని నకలన్నవాళ్ళున్నారు! అయితే ఆ కుర్రాడు తనకు ముందున్న ఆటల పేర్లు తన పేజీలోనే చెప్పుకున్నాడు. మేం ఆపాటి కూడా చెయ్యలేదు. డిపార్ట్‌మెంట్ డే నాడు ఓ ఫస్టియర్ అమ్మాయి "ఈ ఆట మీరే కనిపెట్టారా అన్నా?" అంటే నేను నవ్వి ఊరుకున్నాను.

విప్పినందుకు నాకు సిగ్గు లేదు. ఆ నవ్వుకే సిగ్గు. ఇప్పుడు మా ఆటలో మొట్టమొదటి లైను వాళ్ళిద్దరి పేర్లే. ఆ అమ్మాయి సెకండియర్‌కి వచ్చేసింది. తనకి మాత్రం ఇంకా చెప్పలేదు.