పాత మోటారుసైకిలు: కవాటముల వెసులుబాటును, పెట్రోలు పొదుపును



పాలకును, బియ్యమునకును, వంటగ్యాసునకును లెక్క వ్రాసికొను గృహిణులు సయితము పెట్రోలు లెక్కను పురుషులకు విడిచివేయుట పెక్కిండ్లలో వాడుకయై యున్నది. ఇది మంచిది కాదు. మోటారుసైకిలు పాతబడినకొలది దానికి గలుగు లోపము నడపువారి చెవికంటె ముందుగా లెక్కల పుస్తకమునకే తెలియును. అట్టి లోపములలో ముఖ్యమైన దానిని గూర్చియు, దానిని సరిదిద్దు విధమును గూర్చియు ఈ మాసమున ముచ్చటింతము.

ఉదాహరణమునకు పాత బులెట్టును తీసికొందము. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున బుట్టిన యీ బండి, 1955వ సంవత్సరమున నేర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థవలన మద్రాసులో తయారు కాజొచ్చినది. పోతయినుప సిలిండరును, 346 ఘన సెంటీమీటర్ల యింజనును గల ఆ పాత బండ్లు నేటికిని మన యూళ్లలో దిరుగుచునే యున్నవి.

ఈ యింజనులో పని నాలుగు దశలుగా జరుగును. పిస్టను క్రిందికి దిగుచు గాలిని, పెట్రోలు ఆవిరిని లోనికి బీల్చుకొనును. పైకి వచ్చుచు దాని నదుమును. నిప్పురవ్వ తగిలి మండిన వాయువు పిస్టనును మరల క్రిందికి ద్రోయును. బండిని నడపు బలము ఈ త్రోపే. తుదకు పిస్టను పైకి వచ్చునపుడు పొగ వెలికి బోవును. గాలి వచ్చు ద్వారమున కొకటియు, పొగ పోవు ద్వారమున కొకటియు గవాటములు కలవు. వీనినే మెకానిక్కులు వాల్వు లందురు. పొడవైన రెండు కడ్డీలు క్రిందినుండి పైకి బోయి వీనిని దెరపించును. గట్టి స్ప్రింగులు మూయును. కవాటము మూసికొని యున్నపుడు ఆ కడ్డీ దానిపై నే మాత్రమును ఒత్తిడి పెట్టరాదు. ఆ వెసులుబాటును సరిచేయుటయే ట్యాపెట్ల సెట్టింగు.

వానకాలమున ఉబ్బిన తలుపు గడపకు పట్టుకొని మూతపడదు గదా! లోహమును వేడిచే పెరుగును. కడ్డీ మితిమీరి బిగిసియున్నచో కవాటము పూర్తిగా మూతపడదు. అదిమిన వాయువు ప్రక్కనుండి జారిపోవును. బండి కిక్కు కొట్టగానే కదలదు, ఎత్తు ఎక్కలేదు, పెట్రోలు మాత్రము త్రాగును. అంతకంటె గొప్ప నష్ట మింకొకటి కలదు. పొగ వెడలు కవాటము మంటలలోనే యుండును. మూసికొన్నపుడు తన పీఠమునకు గట్టిగా నానుకొనుటవలననే దాని వేడిలో హెచ్చుభాగము చల్లారును. ఆ యానిక దొరకనినాడు దాని యంచు కాలి చిల్లిపడును. అప్పుడు యింజను పైభాగమును విప్పి, క్రొత్త కవాటము వేసి, పీఠమును నూరవలసివచ్చును. ఒక పూట పనితో పోవలసినది ఒక నెల జీతములో భాగమును హరించును.

వెసులుబాటు మిక్కుటమైనను కీడే. టకటకమను చప్పుడు హెచ్చును. కవాటము ఆలసించి తెరచుకొని తొందరగా మూసికొనును. యింజనుకు నిండు ఊపిరి అందదు. తాకిడికి భాగములు అరుగును. గాజు బిగువైనచో చేతిని నొక్కును, వదులైనచో జారిపడును. ఇదియు నట్టిదే.

కాని ఈ రెండు దోషములలో బిగువే ప్రమాదకర మని మరువరాదు. వదులు తన్ను తాను చాటుకొనును, బిగువు నోరెత్తదు. "చప్పుడు పోగొట్టుము" అని నడపువారు కోరుదురు. తొందరలో నున్న మెకానిక్కు చప్పుడు బొత్తిగా నణగువరకు బిగించును. బండి నిశ్శబ్దమైనదని ఇంటికి సంతోషముతో తెత్తురు. ఆ నిశ్శబ్దమునకు మూల్యము కాలిన కవాటము. పాత యింజనులో కొలదిపాటి టకటక ఆరోగ్యచిహ్నమే యని యెరుగుడు.

సరిచేయు క్రమ మిది. యింజను పూర్తిగా చల్లారియుండవలెను. రాత్రి నిలిపిన బండిని ఉదయమున నడపకమునుపే చూచుట మేలు. బండిని పెద్ద స్టాండుపై నిలిపి, తాళముచెవి తీసి, ప్లగ్గును విప్పవలెను. పై గేరులో నుంచి వెనుక చక్రమును మెల్లగా త్రిప్పినచో పిస్టను కదలును. ఈ పనిలో వ్రేళ్లను, చీరకొంగును గొలుసు దరికి పోనీయరాదు. ప్లగ్గు రంధ్రముపై బొటనవ్రేలు నుంచినచో అదుము దశలో గాలి వ్రేలిని త్రోయును. ఆ దశలో పిస్టను మిక్కిలి పైకి వచ్చినచోట ఆపవలెను. అప్పుడు కవాటములు రెండును మూసికొనియుండును.

బులెట్టునకు సిలిండరు మొదట, ప్రక్కగా, ఒక చిన్న మూత కలదు. దానిని దీసినచో రెండు కడ్డీల అడుగుభాగములు కనబడును. ఒక్కొక్క కడ్డీ రెండు వ్రేళ్ల నడుమ స్వేచ్ఛగా దిరుగవలెను. కాని పైకి క్రిందికి ఆడరాదు. తాకియు తాకనట్లుండుటయే దీని కొలత. తేడా యున్నచో పానాలతో లాకునట్టును వదలించి, సరిచేసి, మరల బిగింపవలెను. బిగించునపుడు కొలత మారుట కలదు గాన, బిగించిన పిమ్మట రెండవమారు త్రిప్పి చూడక మూత వేయరాదు. ఇతర బండ్లకు కొలత వేరు. పాత హీరో హోండా సీడీ 100 వంటి చిన్న యింజనులకు 0.05 మిల్లీమీటరు సందు, అనగా సన్నని తలవెండ్రుక మందము. దానిని ఫీలర్ గేజి యను రేకుతో కొలుతురు. మీ బండికి జెందిన మాన్యువలులోని యంకెయే ప్రమాణము. ఈ పని మెకానిక్కుచే జేయించినను, ప్రక్కన నిలిచి "కడ్డీ తిరుగుచున్నదా?" అని యడుగుటకు మొగమాట మక్కరలేదు.

కవాటములు సరియైన పిమ్మట తక్కిన చిన్నవానిని చూడవలెను. గాలి వడపోత మట్టితో పూడినచో పెట్రోలు వృథాగా బోవును. ప్లగ్గు కొన కాఫీపొడి రంగున నుండుట మంచిది. నల్లని మసి పెట్రోలు హెచ్చైనదనుటకు గురుతు. సున్నపు తెలుపు తక్కువైన దనుటకు గురుతు. పొదుపునకై కార్బురేటరును మరీ బిగించి పెట్రోలు తగ్గించుట పొదుపు గాదు. యింజను కాగి కవాటమే చెడును. స్టాండుపై చక్రము తడబడక తిరుగవలెను. లేనిచో బ్రేకు పట్టుచున్న దన్నమాట. టైర్లలో గాలి వారమున కొకమారు చూడవలెను. వేగము రెట్టింపైన గాలి యడ్డు నాలుగింత లగును గాన, నిదానపు నడకయే ఖర్చులేని పొదుపు.

ఇక లెక్క. ట్యాంకు నిండించిన దినమున మీటరు అంకె వ్రాసికొనుడు. మరల నిండించినపుడు నడచిన కిలోమీటర్లను, పట్టిన లీటర్లచే భాగింపుడు. 210 కిలోమీటర్లకు 6 లీటర్లు పట్టినచో లీటరునకు 35. 7 పట్టినచో 30. నెలకు 600 కిలోమీటర్లు తిరుగు నింటికి ఈ తేడావలన ఏటికి 34 లీటర్లు అదనము. ఒక్కమారు చూచి నిర్ణయింపక వరుసగా మూడుమార్లు చూడుడు.

ఒక్క మాట. మన దేశపు పెట్రోలులో ఇథనాలు పాలు 2025 నాటికి నూటికి 20 అయినది. లీటరు ఇథనాలులోని శక్తి పెట్రోలులోని దానిలో ఇంచుమించు మూడింట రెండు వంతులే. కావున పూర్వము 35 ఇచ్చిన బండి నేడు 33 ఇచ్చినచో మెకానిక్కును నిందింపరాదు. 30కి దిగినచో మాత్రము కవాటముల వంక చూడవలెను. ఇథనాలు పాత రబ్బరు గొట్టములను మెత్తబరచి పగిలించును. వసారాలో నిలిపిన బండివద్ద పెట్రోలు వాసన వచ్చినచో, దీపమును దూరముగా దీసి, ఆనాడే గొట్టమును మార్పింపుడు.

కిక్కు కొట్టుట యెవరి పని యైనను, లెక్క వ్రాయు కలము మనది. ఈ నెల పద్దులలో పెట్రోలున కొక పుట కేటాయింపుడు.