ఇంటికి ముందు కాగితం

ఈలం శరణార్థుల పునరావాస సంస్థను పొట్టిగా ‘ఓఫర్’ అంటారు. తమిళనాడులోని శ్రీలంక తమిళ శరణార్థుల కోసం 1984లో మద్రాసులో మొదలైన ఈ సంస్థను ఎక్కువగా శరణార్థులే నడుపుతున్నారు. స్థాపకుడు ఎస్.సి. చంద్రహాసన్ న్యాయవాది. తమిళుల హక్కుల కోసం అహింసా మార్గంలో పోరాడిన ఎస్.జె.వి. చెల్వనాయకం కుమారుడాయన.

1983 జులై అల్లర్లలో కొలంబోలో తమిళుల ఇళ్లూ దుకాణాలూ తగలబడ్డాయి. ధనుష్కోటికీ తలైమన్నార్‌కూ మధ్య సముద్రం సుమారు 30 కిలోమీటర్లే. దాన్ని పడవల్లో దాటి జనం రామేశ్వరం చేరారు. 1990లో, 1995 తర్వాత, మళ్లీ 2006లో శ్రీలంక సైన్యానికీ తమిళ తీవ్రవాదులకూ మధ్య యుద్ధం ముదిరినప్పుడల్లా వలస పెరిగింది. మొత్తం మీద వచ్చినవారు మూడు లక్షలు దాటారు. వారికి శిబిరాల్లో తిండి, నీడ, నెలనెలా కొంత డబ్బు ప్రభుత్వం ఇచ్చింది. అయితే 1991లో శ్రీపెరంబుదూరులో ఆ తీవ్రవాదుల చేతిలో రాజీవ్ గాంధీ హత్య జరిగాక, దానితో ఏ సంబంధమూ లేని కుటుంబాలను కూడా అనుమానంగా చూశారు. శిబిరాల్లోకి స్వచ్ఛంద సంస్థల రాకపోకలు ఆగాయి. కాలేజీ సీట్లలో శరణార్థుల పిల్లలకున్న కోటా పోయి, కొన్నేళ్లకు గానీ తిరిగి రాలేదు. ఏ నేరమూ చేయని పిల్లల చదువును ఆపడం అన్యాయం. ఓఫర్ మాత్రం చదువును వదల్లేదు. యుద్ధం ఏదో ఒకనాడు ఆగుతుంది, ఊళ్లు తిరిగి లేపడానికి టీచర్లు, నర్సులు, లెక్కలు రాసేవాళ్లు కావాలి, వాళ్లను శిబిరంలోనే తయారు చేయాలన్నది దాని ఆలోచన. స్పిరులినా నాచు పెంచి పిల్లల పోషణకు వాడటం, 2004 సునామీ తర్వాత బాధితుల సహాయానికి శరణార్థులే కదలడం కూడా ఆ ఆలోచనలోంచి వచ్చినవే.

వీటన్నిటికన్నా విలువైన పని కాగితాలది. మన పౌరసత్వ చట్టం ప్రకారం 1987 జులై 1 నుంచి ఇక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు, తల్లిదండ్రుల్లో కనీసం ఒకరైనా భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబరులో ఆ షరతు మరింత బిగిసింది. శ్రీలంక చట్టమేమో విదేశంలో పుట్టిన బిడ్డ వివరాలను ఏడాదిలోపు తమ దౌత్య కార్యాలయంలో నమోదు చేయించమంటుంది. గడువు దాటితే మంత్రి అనుమతి కావాలి. పడవెక్కే హడావిడిలో పెళ్లి కాగితమో, తమ పుట్టిన తేదీ రుజువో వెంట తెచ్చుకోలేకపోయిన తల్లిదండ్రులకు ఇది అందని మెట్టు. ఈ రెండు చట్టాల మధ్య శిబిరంలో పుట్టిన బిడ్డ ఏ దేశానికీ చెందకుండా పోయే ప్రమాదం ఉంది. అందుకే ఓఫర్ కార్యకర్తలు జనన ధ్రువపత్రాలు తీయించారు, చెన్నైలోని శ్రీలంక డిప్యూటీ హైకమిషన్‌లో నమోదు చేయించారు. చూసేవాళ్లకు ఇది గుమాస్తా పనిలా కనబడుతుంది. కానీ ఊరికి తిరిగి వెళ్లాక బడిలో పేరు రాయించాలన్నా, తాత భూమి మీద హక్కు అడగాలన్నా మొదట చూపాల్సింది ఆ కాగితమే. తేయాకు తోటల నుంచి వచ్చినవారి పరిస్థితి ఇంకా కష్టం. బ్రిటిష్ వారి కాలంలో ఇక్కడి నుంచి వెళ్లిన ఆ కుటుంబాలలో చాలామందికి శ్రీలంకలోనే పౌరసత్వం లేకుండా పోయింది. అక్కడి 2003 నాటి చట్టం కొంత దారి చూపింది.

2009 మేలో యుద్ధం ముగిసింది. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ సాయంతో కొందరు విమానాల్లో తిరిగి వెళ్లారు, అయినా ఆ సంఖ్య తక్కువే. ఉత్తరాన పొలాల్లో మందుపాతరలు, సైన్యం చేతిలో ఉండిపోయిన భూములు, పనుల్లేని ఊళ్లు వారి కాళ్లకు అడ్డం పడ్డాయి. 2022లో శ్రీలంక ఆర్థికంగా కుప్పకూలినప్పుడు పడవలు మళ్లీ ఇటే వచ్చాయి. ఇప్పటికీ నూరుకు పైగా శిబిరాల్లో సుమారు 58 వేల మంది ఉన్నారు. వారిలో ఇక్కడే పుట్టి పెరిగి, ఇక్కడే ఉండిపోవాలనుకునేవారు చాలామంది. 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై భారత్ సంతకం చేయలేదు. 2019 పౌరసత్వ సవరణ చట్టంలో పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ ఉన్నాయి గానీ శ్రీలంక లేదు. నాలుగు దశాబ్దాలు ఇక్కడ బతికినవారిని అలా వదిలేయడానికి సరైన కారణం ఏదీ కనబడదు. తమిళనాడు ప్రభుత్వం 2021లో శిబిరాల పేరును ‘పునరావాస శిబిరాలు’గా మార్చి, కొత్త ఇళ్లు కట్టించడం మొదలుపెట్టింది. పౌరసత్వం ఇవ్వడం రాష్ట్రం చేతిలో లేదు.

తిరిగి వెళ్లినవారికి ఒడ్డు చేరాక కూడా పని మిగిలే ఉంటుంది. ఇక్కడ పొందిన సర్టిఫికెట్లకు అక్కడి గుర్తింపు తెచ్చుకోవాలి. భూమి హద్దులు తేల్చుకోవాలి. చెన్నైలో నమోదు కాకుండా మిగిలిపోయిన పిల్లల పేర్లు కొలంబోలో ఎక్కించాలి. శ్రీలంకలో పనిచేస్తున్న ఓఫర్ సోదర సంస్థకు ఇవి రోజువారీ పనులు.