వరండాలో కూర్చున్న అమ్మ కోసం



ప్రవర్తన సమస్యలున్న పిల్లలకు థెరపీ ఇచ్చే ఏ కేంద్రానికైనా ఓ పూట వెళ్ళి చూడండి. లోపల పిల్లలు, బయట వరండాలో తల్లులు. పక్కన నీళ్ళసీసా, మార్చడానికి ఓ జత బట్టలు ఉన్న సంచి. ఒకామె గోడకు చేరగిలబడి కునికిపాట్లు పడుతుంటుంది. అలాంటి ఓ వరండాలో నేను నాలుగేళ్ళు కూర్చున్నాను. బాబు ఎలా ఉన్నాడని అందరూ అడిగారు. నువ్వు నిద్రపోయి ఎన్నాళ్ళయిందమ్మా అని ఎవరూ అడగలేదు.

మా పిల్లలు కొరుకుతారు, తల గోడకేసి కొట్టుకుంటారు, గేటు తీసి ఉంటే రోడ్డు మీదికి పరుగెడతారు. కొందరికి ఆటిజం, కొందరికి ఏడీహెచ్‌డీ, కొందరి సమస్యకు ఇంకా పేరే పెట్టలేదు. చూసేవాళ్ళు మాత్రం పేరు పెట్టేశారు: పెంపకం. ‘గారాబం చేసి చెడగొట్టింది’, ‘రెండు తగిలిస్తే దారికొస్తాడు’. పెళ్ళిళ్ళకు పిలవడం మానేసిన చుట్టాలున్నారు. తల్లి మనసు చల్లబడటం వల్లే ఆటిజం వస్తుందని ఒకప్పుడు పేరున్న నిపుణులే రాశారు. వారిలో ఒకడైన బ్రూనో బెటల్‌హైమ్ 1967లో ఏకంగా పుస్తకమే వేశాడు. అంతకు మూడేళ్ళ ముందే బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి, అది శరీరానికీ మెదడుకూ సంబంధించిన విషయమని వాదించాడు. శాస్త్రం ఆ నిందను ఎప్పుడో వదిలేసింది. మన వీధులు ఇంకా వదల్లేదు.

ఇంట్లో జరిగేది చెబుతాను. దుకాణం ముందు పిల్లవాడు నేల మీద పడి దొర్లుతాడు. నలుగురూ చూస్తున్నారని అడిగింది కొనిచ్చేస్తాం. ఏడిస్తే దొరుకుతుందని వాడు నేర్చుకుంటాడు, మర్నాడు ఇంకాస్త గట్టిగా ఏడుస్తాడు. ఓ రోజు ఓపిక తెగి చెయ్యి చేసుకుంటాం. ఆ రాత్రి వాడు నిద్రపోతాడు, మనం వాడి వీపు నిమురుతూ ఏడుస్తాం. ఈ వలయం నుంచి బయటపడే దారులున్నాయి: చిన్న మాటల్లో చెప్పడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం, ఇవ్వకూడదనుకున్నది ఎంత గోల చేసినా ఇవ్వకపోవడం. ఇవి నేర్పితే వస్తాయి. ఏడీహెచ్‌డీ ఉన్న ఆరేళ్ళలోపు పిల్లలకు మందుల కన్నా ముందు తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతోంది. కానీ నిద్రలేని మనిషి తలకు ఏ పాఠం ఎక్కుతుంది? అందుకే ముందు ఆ మనిషి సంగతి చూడమంటున్నాం.

ప్రభుత్వాన్ని మేం కొత్త భవనాలు అడగడం లేదు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. సమగ్ర శిక్ష పథకంలో పిల్లవాడికి రవాణా భత్యం ఉంది, వెంట వచ్చేవారికి ఎస్కార్ట్ భత్యం ఉంది. ప్రభుత్వ లెక్కల్లో అమ్మ పేరు ఎస్కార్ట్! ఆమె ఎలాగూ అక్కడికి వస్తోంది, గంటలకొద్దీ కూర్చుంటోంది. వారానికి ఒక గంట ఆ వరండాను తల్లిదండ్రుల కోసం వాడండి. నెలకొకసారైనా జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్సా కేంద్రం (డీఈఐసీ) నుంచి సైకాలజిస్టును పంపండి. ఆ గంటలో పాఠమే ఉండాలని లేదు. ఒకరి గోడు ఇంకొకరు వినడం కూడా మందే. నెలకు ఒక ఆదివారం నాన్నల కోసం పెట్టండి. రానంటారని ముందే అనుకోకండి, వాళ్ళను ఇంతవరకు పిలిచిందెవరు?

అధిక సహాయం అవసరమైన దివ్యాంగుల సంరక్షణ కోసం భత్యం ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. అదే చట్టంలోని 21 రకాల జాబితాలో ఆటిజం ఉంది, ఏడీహెచ్‌డీ పేరు లేదు. అందుకే వైకల్య ధ్రువీకరణ సర్టిఫికెట్ చేతిలో లేదని ఏ తల్లినీ ఈ గంట నుంచి వెనక్కి పంపకూడదు.

ఉపాధ్యాయులకో మాట. మావాడి టీసీ పట్టుకుపొమ్మని ఒక బడిలో పదిమంది ముందు చెప్పారు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాడినీ బడి నుంచి తీసేయకూడదని 2009 విద్యాహక్కు చట్టం అంటోంది. చెప్పాల్సింది ఉంటే తలుపు వేసి, కూర్చోబెట్టి చెప్పండి. పొరుగువాళ్ళు సలహాలకు బదులు ఒక గంట పిల్లవాడి దగ్గర కూర్చోండి, ఆ తల్లి తలంటుకుంటుంది.

ఈ రాత్రే భరించలేననిపించిన అమ్మకూ నాన్నకూ: 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్. ఉచితం, రేయింబవళ్ళూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇవన్నీ అడుగుతూ వచ్చే సోమవారం పదింటికి కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నాం. పిల్లల్ని ఎవరికి వదిలి రావాలా అని ఆగిపోకండి, తీసుకురండి. మాలో నలుగురం బయట వేపచెట్టు కింద వాళ్ళతోనే ఉంటాం, మీరు లోపలికి వెళ్ళి సంతకం పెట్టి రండి.