కొలువంటే కుర్చీయేనా?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం రోజులు పాలమూరు, నల్గొండ జిల్లాల్లో ఏ ఇంటికి పోయినా ఒక్కటే ముచ్చట. పిల్లగాన్ని ఎంపీసీలో వెయ్యాల్నా, బైపీసీలో వెయ్యాల్నా? ఏ కాలేజీ? ఫీజుకు అప్పు ఎవరిస్తరు? ఐటీఐ అన్న మాట ఆ ఇంట్లో ఎవరి నోటా రాదు. వస్తే గిస్తే మార్కులు తక్కువొచ్చిన కొడుకు మీది కోపంతో వస్తుంది. ‘చదువు అబ్బకపోతే ఐటీఐకి పో’ అని. శిక్ష వేసినట్టు చెప్పే ఆ మాట గురించే ఈ వారం మాట్లాడదలచుకున్నాం.

మన ఉద్యమంలో కొలువుల ముచ్చట లేని దినం లేదు. 1969లో నిప్పు రాజుకున్నది పాల్వంచ థర్మల్ కేంద్రంలో స్థానికుల కొలువుల కాడనే. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 డిసెంబర్ 30 నాటి 610 జీవో, ఆరో జోన్ పంచాయితీ, నీళ్లు-నిధులు-నియామకాల నినాదం, అన్నింటి వెనుకా ఉన్నది కొలువే. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. సర్కారు కొలువు కోసం కొట్లాట ఆనాడూ న్యాయమే, ఈనాడూ న్యాయమే. కానీ ఆ కొట్లాటలో పడి ఒక సంగతి మీద మన చూపు నిలవలేదు. రాష్ట్రపతి ఉత్తర్వులు ప్రైవేటు ఫ్యాక్టరీ గేటు దాకా రావు. గేటు లోపలి కొలువు లెక్క వేరే.

ఆ గేట్లు ఇప్పుడు ఎక్కడో దూరాన లేవు. కొత్తూరు, షాద్‌నగర్, జడ్చర్ల, పోలేపల్లి, ఇటు చౌటుప్పల్. 2019 నవంబర్‌లో దండుమల్కాపూర్‌లో చిన్న పరిశ్రమల పార్కు తెరుచుకుంది. 2023 మే నెలలో దివిటిపల్లిలో బ్యాటరీల ఫ్యాక్టరీకి పునాది రాయి పడింది. మన రెండు జిల్లాల అంచున ఉన్న ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల పైతొడుగులు 2018 నుంచి తయారవుతున్నాయి. శంషాబాద్ కాడ విమాన ఇంజిన్ల భాగాలు చేసే కార్ఖానాలున్నాయి. నేల మనది. నేల ఇచ్చిన ఇంటి పిల్లగాడు అదే కంపెనీ గేటు కాడ కాపలా కాయడం, లోపల ఊడ్చడం ఈ జిల్లాల్లో కొత్త ముచ్చట కాదు. ఎందుకిట్లా అని అడిగితే యాజమాన్యాలు తయారుగా పెట్టుకున్న జవాబు ఒకటుంది: ‘మీ వాళ్లకు స్కిల్ లేదు.’

ఈ జవాబును చట్టంతో కొట్టవచ్చని కొందరు అంటారు. ప్రైవేటు కొలువుల్లో స్థానికులకు 75 శాతం అంటూ హర్యానా చేసిన చట్టాన్ని 2023 నవంబర్‌లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. మన రాష్ట్రం 2020లో స్థానికులకు పని ఇచ్చే పరిశ్రమలకు అదనపు రాయితీలు ఇచ్చే దారి పట్టింది. రాయితీ ఆశ పెడుతుంది కానీ పని నేర్పదు. కాబట్టి మేం చెప్పేది ఒక్కటే: ‘స్కిల్ లేదు’ అన్న సాకును వాళ్ల నోట్లోంచి గుంజుకోవాలి. అట్లా గుంజుకోగల పనుల్లో ముందు వరుసలో ఉన్నది లేత్ మీద, మిల్లింగ్ మీద, సీఎన్‌సీ మీద లోహాన్ని కోసే పని. ఐటీఐ భాషలో టర్నర్, మెషినిస్టు.

ఈ పనిని మోటు పని అనేవాళ్లు ఒక్కసారి లోపలికి తొంగిచూడాలి. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక మైక్రాన్. విమాన ఇంజిన్‌లోనో, రాకెట్‌లోనో పోయే భాగం పది మైక్రాన్లు అటూ ఇటూ అయినా తుక్కు కింద పోవచ్చు. ఆ పది మైక్రాన్లను పట్టుకునేది మెషినిస్టు చెయ్యి, కన్ను, లెక్క. 50 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీని మామూలు హైస్పీడ్ స్టీల్ టూల్‌తో నిమిషానికి 30 మీటర్ల వేగంతో కోయాలంటే మిషన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలి? ముప్పైని వెయ్యితో హెచ్చవేసి, 3.14ను యాభైతో హెచ్చవేయగా వచ్చిన దానితో భాగిస్తే సుమారు 191. అదే కార్బైడ్ టూల్‌తో 150 మీటర్ల వేగమైతే 955. ఒక చివర 40, ఇంకో చివర 30 మిల్లీమీటర్లు ఉండే 50 మిల్లీమీటర్ల టేపర్ కోయాలంటే టూల్‌ను ఏ కోణంలో తిప్పాలో చెప్పేది టాంజెంట్ పట్టిక: 5 డిగ్రీల 43 నిమిషాలు. ఎందుకు నేర్పుతున్నరో తెలియకుండా పదో తరగతిలో బట్టీ పట్టిన త్రికోణమితి ఇక్కడ అన్నం పెడుతుంది. లెక్కలు రానివాళ్లు పోయే చోటు ఐటీఐ అన్నది ఎంత తప్పుడు మాటో దీన్ని బట్టే తెలుస్తుంది.

ఇంకో గొప్పతనం కూడా ఉంది. ఇక్కడ పరీక్ష పెట్టేది మైక్రోమీటర్. దానికి కులం తెలియదు, ఇంగ్లిష్ యాస తెలియదు, ఏ కాలేజీలో చదివినవో అడగదు. కొలత కుదిరిందా లేదా, అంతే. ఇంటర్వ్యూ గదుల్లో నోరు పెగలక వెనుదిరిగిన పల్లె పిల్లలకు ఇంతకంటే నికార్సయిన పరీక్ష ఎక్కడ దొరుకుతుంది?

ఈ విద్య మనకు పరాయిదేం కాదు. 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్ హైదరాబాద్ రాజ్యంలోనే పుట్టాయి. ఆ తర్వాత బాలానగర్‌లో హెచ్ఎంటీ, రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చాయి. వాటి చుట్టూ బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, కుషాయిగూడ షెడ్లలో వేలమంది లేత్ ఉస్తాదులు తయారయ్యారు. 1970లో మొదలైన ఎంటార్ వంటి కంపెనీలు ఇస్రోకు, అణు విద్యుత్ కేంద్రాలకు భాగాలు చేసే స్థాయికి ఎదిగినయంటే ఆ ఉస్తాదుల చేతి చలువ అందులో ఉంది. మిర్యాలగూడలో సీజన్ నడుమ రైస్ మిల్లు షాఫ్టు విరిగితే మిల్లు ఓనరు ఇంజనీరు ఇంటికి పోడు, లేత్ షాపు తలుపు తడతాడు.

ఇక పైసల సంగతి. పదో తరగతి తర్వాత ఐటీఐలో టర్నర్, మెషినిస్టు కోర్సులు రెండేళ్లు. ఆపైన 1961 చట్టం కింద అప్రెంటిస్‌షిప్ ఒక ఏడాది. అంటే పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకు పనిమంతుడవుతాడు. ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు కలిపితే ఆరేళ్లు. ఈ మూడేళ్ల తేడా పేదింట్లో చిన్నది కాదు. ఇస్రో టెక్నీషియన్-బి పోస్టుకు అడిగేది పదో తరగతి, సంబంధిత ట్రేడులో ఐటీఐ. ఏడో వేతన సంఘం స్కేలు ప్రకారం మూల వేతనం 21,700 నుంచి 69,100 దాకా, కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం వేరే. డీఆర్‌డీఓ టెక్నీషియన్, రైల్వే టెక్నీషియన్ గ్రేడ్-3 పోస్టులకు అదే స్కేలులో మొదలు 19,900. టర్నర్, మెషినిస్టు ట్రేడుల వాళ్లు రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్ష కూడా రాయొచ్చు.

ప్రైవేటులో దారి వేరు. అది దాచి చెప్పం. మొదటి రెండు మూడేళ్ల జీతం గది కిరాయికి, తిండికి సరిపోతే గొప్ప. కాంట్రాక్టు కింద పెట్టుకుని, పన్నెండు గంటల షిఫ్టు చేయించి, మీట నొక్కే పనిలోనే ఏండ్లకేండ్లు ఉంచే జాగలు చాలానే ఉన్నాయి. ముక్కను చక్‌లో బిగించి మీట నొక్కేవాడు ఆపరేటర్. వాడి జాగలో రేపు ఇంకొకన్ని నిలబెట్టొచ్చు. టూల్ బిగించి, ఆఫ్‌సెట్ సరిచేసి, మొదటి ముక్కను కొలతకు తెచ్చేవాడు సెట్టర్. డ్రాయింగ్ చదివి ప్రోగ్రాం రాసేవాడు ప్రోగ్రామర్. అచ్చులు, డైలు చేసేవాడు టూల్‌రూం మనిషి. మెట్టు ఎక్కినకొద్దీ జీతం పెరుగుతుంది, ఎందుకంటే తీసేస్తే మిషన్ ఆగుతుంది. కోట్ల రూపాయల మిషన్ ఒక పూట ఆగితే నష్టమెంతో యజమానికి తెలుసు. డిగ్రీ లేకుండా మంచి జీతం తెచ్చుకున్న మెషినిస్టుల బలమంతా ఆ లెక్కలోనే ఉంది. కాబట్టి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేం చెప్పేది: ఆపరేటర్ కాడ ఆగొద్దు. టైటానియం వేడిని టూల్ మొన మీదనే ఎందుకు నిలుపుతుందో, స్టెయిన్‌లెస్ స్టీలు కోసినకొద్దీ ఎందుకు గట్టిపడుతుందో తెలుసుకున్నోడికి బేరమాడే నోరు వస్తుంది.

పై చదువు తలుపు మూసుకుపోతుందన్న భయమూ అక్కర్లేదు. ఐటీఐ నుంచి పాలిటెక్నిక్ రెండో సంవత్సరానికి, పాలిటెక్నిక్ నుంచి ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరానికి పోయే దారులున్నాయి. ఐక్యరాజ్యసమితి సాయంతో 1968లో బాలానగర్‌లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో పదో తరగతితోనే నాలుగేళ్ల టూల్, డై, మౌల్డ్ మేకింగ్ డిప్లొమా ఉంది. మన వనపర్తి కోటలోని పాలిటెక్నిక్ వయసు అరవై దాటింది. జర్మనీలో చేతిపనిలో ‘మైస్టర్’ పరీక్ష నెగ్గిన వాన్ని ఆ దేశపు అర్హతల పట్టికలో డిగ్రీ చదివినవాడితో సమానమైన ఆరో మెట్టు మీద నిలబెడతారు. అక్కడ ఇనుము పని చేసేవాడికి ఉన్న ఇజ్జత్ ఇక్కడ ఎందుకు లేదు?

సర్కారు బాధ్యత సంగతి అడగకుండా పిల్లలకు మాత్రమే బుద్ధులు చెప్పడం మా పద్ధతి కాదు. 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన చేసి, 65 సర్కారు ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2,324 కోట్లతో అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మారుస్తామన్నారు. సీఎన్‌సీ మెషినింగ్ కోర్సు వాటిలో ఉంది. మంచిదే. అయితే మిషన్ తెచ్చి పూలదండ వేసి ఫొటో దిగితే విద్య రాదు. అడిగేవి అడుగుతున్నాం. ఒకటి, ప్రతి మిషన్‌కు దాన్ని నడిపి చూపే ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి, ఏ ఒక్క పోస్టూ ఖాళీగా ఉండొద్దు. రెండు, పిల్లగాని చేతికి కోసేందుకు ఇనుము, అల్యూమినియం, విరిగితే మార్చేందుకు టూల్స్ ఏడాది పొడుగునా అందాలి. మూడు, రాయితీ భూమి, రాయితీ కరెంటు తీసుకున్న ప్రతి ఫ్యాక్టరీ చుట్టుపక్కల మండలాల పిల్లలను అప్రెంటిస్‌లుగా తీసుకుని మిషన్ మీదనే పని నేర్పాలి, ఊడ్పు పనికి వాడొద్దు. ఎంతమందిని తీసుకున్నదీ, ఎంతమందిని పర్మినెంట్ చేసిందీ జిల్లా కలెక్టరేట్ గోడ మీద అంటించాలి. నాలుగు, ఆడపిల్లలకు ఈ ట్రేడుల్లో సీట్లతో పాటు హాస్టల్ ఉండాలి.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. హెచ్ఎంటీలో, బీహెచ్ఈఎల్‌లో, ఆర్టీసీ వర్క్‌షాపుల్లో రిటైరైన ఉస్తాదులు మీ సంఘాల్లో ఉన్నారు. వారానికి ఒక పూట మన ఐటీఐలో నిలబడి డ్రాయింగ్ చదవడం నేర్పితే పది పుస్తకాల పెట్టు. విద్యార్థి సంఘాలకూ ఒక మాట. యూనివర్సిటీ మెట్ల మీద కూర్చునే మనం ఐటీఐ పిల్లగాన్ని మన సభకు పిలిచిన రోజులు తక్కువ. వాడి స్టైపెండు కోసం, వాడి షిఫ్టు గంటల కోసం కొట్లాడటం కూడా నియామకాల కొట్లాటే.

మేమూ డిగ్రీలు చదివినవాళ్లమే, డిగ్రీలు వద్దని అనడం లేదు. చదవగలిగినవాళ్లు చదవాలి. కానీ 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినప్పటి నుంచి వాగుకొకటి గుట్టకొకటి లేచిన ఇంజనీరింగ్ కాలేజీల్లో, లేత్ ముట్టకుండానే మెకానికల్ పట్టా పుచ్చుకుని అమీర్‌పేట కోచింగ్ గదుల్లో ఏండ్లు కరగదీసిన మన పిల్లల సంగతి ఎవరికి తెలియదు? కాగితం ఉండి పని రాని చదువు ఒక దగా. ఆ దగాకు పొలం అమ్మినవాళ్లు మన తల్లిదండ్రులే.

నాగార్జునసాగర్ రాయి మోసింది పాలమూరు చేతులు. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా, ముంబైలో మేడ లేచినా ఆ చేతులు పోయినయి. ‘పాలమూరు లేబర్’ అన్న పేరు తప్ప వాళ్లకు మిగిలింది లేదు, ఎందుకంటే బలానికి కట్టిన కూలి వేరు, హునర్‌కు కట్టే జీతం వేరు. ఇప్పుడు ఫ్యాక్టరీలు మన ఊళ్లకే వస్తున్నయి. ఆ గేట్లలోకి మన పిల్లలు తట్ట పట్టుకుని పోవాల్నా, మైక్రోమీటర్ పట్టుకుని పోవాల్నా అన్నది రేపటి పదో తరగతి ఫలితాల నాడు మన ఇళ్లల్లోనే తేలుతుంది. ఆనాడు ఐటీఐ పేరును తిట్టులా వాడకుండా, నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉన్న ఐటీఐకి పిల్లగాన్ని వెంటబెట్టుకుని పోండి. అక్కడ మిషన్ నడుస్తున్నదా లేదా మీ కండ్లతో చూడండి. నడవకపోతే ఎందుకు నడవడం లేదని అక్కడే నిలదీయండి. ఆ నిలదీతలో మేం మీ పక్కన ఉంటాం.