దేశాలు తిరిగే మచ్చ

అరికాలిలో మచ్చ ఉన్నవాడు దేశాలు తిరుగుతాడని మనవారి నమ్మకం. అండమాన్ దీవుల రాజధానిలో, జంగ్లీఘాట్ రేవు దగ్గర వల బాగుచేసుకుంటున్న ఒక వృద్ధుడు కాలు పైకెత్తి అటువంటి మచ్చ నాకు చూపించాడు. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది గాని, ఆ పేటలో వినవచ్చే శ్రీకాకుళం తెలుగు మాత్రం మారలేదు.

"సోంపేట నుంచి నన్నీ దీవికి లాక్కొచ్చింది ఇదే బాబూ" అన్నాడాయన. మిరియపు గింజంత మచ్చ. ఊహ తెలిసిన నాటినుంచీ అంతే ఉన్నదట.

ఆయన అన్నగారికి కూడా మడమ మీద ఒక మచ్చ వచ్చింది. అయితే అది యాభై దాటిన తరువాత వచ్చిన మచ్చ. ఆనెకాయ అనుకొని ఆయన దానిని బ్లేడుతో చెక్కుకొనేవాడు. ఏడాది తిరిగేసరికి గజ్జలో బిళ్ళ కట్టింది. ఓడలో విశాఖపట్నం చేర్చేనాటికి వ్యాధి ఊపిరితిత్తుల దాకా పాకిందని వైద్యులు చెప్పారు.

"ఒక తల్లి బిడ్డలం. ఒకే ఎండ, ఒకే సముద్రం. మరి అన్నకెందుకలాగయింది బాబూ?"

ఇంగ్లీషు వాక్యాలను తెలుగు చేసి పొట్టపోసుకొనే నాబోటివాణ్ణి అడగవలసిన ప్రశ్న కాదది. కాని వైద్యవ్యాసాలు అనువదిస్తూ ఈ మెలనోమా అనే వ్యాధి దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. ఆగిపోవడానికి కారణం 'పుట్టుమచ్చ' అన్న మన మాటే. మచ్చలన్నీ పుట్టుకతో వచ్చినవేనని ఆ మాట మనలను నమ్మిస్తుంది. నిజానికి వాటిలో అధికభాగం పుట్టిన తరువాత, బాల్యంలోనూ యౌవనంలోనూ ఏర్పడేవే.

చర్మానికి రంగునిచ్చే కణాలను మెలనోసైట్లు అంటారు. ఇవి చర్మంలో పుట్టినవి కావు. తల్లి గర్భంలోని పిండంలో, ముందుముందు మెదడూ వెన్నుపామూ కానున్న గొట్టం అంచున ఇవి జన్మిస్తాయి. అక్కడినుంచి దారిచేసుకొని నడిచి వచ్చి ఒళ్ళంతా స్థిరపడతాయి. ఒక్కొక్కటి తన కొమ్మలను చాచి, చుట్టుపక్కల ముప్పయికి పైగా చర్మకణాలకు మెలనిన్ అనే నల్లని ద్రవ్యాన్ని పంచిపెడుతుంది. ఆ ద్రవ్యం కణకేంద్రం మీద గొడుగులా అమరి, ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి జన్యువులను కాపాడుతుంది. నలభై యేళ్ళు పడవ మీద ఎండిన జాలరి వీపు చెడకపోవడం ఈ గొడుగు చలవే.

ఈ గొడుగు పలచగా ఉన్న తెల్లవారిలో, ముఖ్యంగా ఆస్ట్రేలియాలో, మెలనోమా విస్తారం. అక్కడ ముఖ్యదోషి సూర్యుడు. మనబోటి చామనచాయ, నలుపు ఛాయల వారిలో ఇది చాలా అరుదు. వచ్చినప్పుడు మాత్రం తరచుగా ఎండ సోకని చోటే వస్తుంది: అరికాలు, అరచెయ్యి, గోటి అడుగు. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలి గోటి కింద బయటపడింది ఇదే. 1981లో, ముప్పయ్యారో యేట, ఆయన మరణించాడు. అరికాలిలో కూడా బరువు మోపే చోట్లనే ఈ వ్యాధి ఎక్కువగా కనిపిస్తున్నదని 2016లో జపాన్ పరిశోధకులు ప్రకటించారు.

జన్యువును ఒక గ్రంథమనుకుంటే, ఎండవల్ల వచ్చే మెలనోమాలో వేలకొద్దీ అక్షరదోషాలు కనిపిస్తాయి. అరికాలి మెలనోమాలో అవి తక్కువ. పుటలకు పుటలే ఊడిపోవడం, కొన్ని పుటలు పదేపదే అచ్చుపడడం ఎక్కువ. ప్రూఫులు దిద్దిన అలవాటుకొద్దీ నాకు తోచిన పోలిక ఇది. అక్షరదోషాలలో ప్రసిద్ధమైనది 2002లో బయటపడింది. బీరాఫ్ అనే జన్యువులో ఒక్క అక్షరం మారితే, కణానికి "విభజన చెందు" అన్న ఆజ్ఞ ఎడతెగకుండా అందుతూనే ఉంటుంది. విచిత్రమేమిటంటే, హానిచేయని సాధారణ మచ్చలలో సైతం ఈ దోషం తరచుగా ఉంటుంది! అక్కడ కణాలు కొంతదూరం పెరిగి ఆగిపోతాయి. ఆపవలసిన జన్యువులు కూడా చెడిపోయినప్పుడే కేన్సర్ మొదలవుతుంది. తమ్ముడి మచ్చ ఆగింది, అన్న మచ్చ ఆగలేదు.

ఆగని కణాలు మొదట అద్దుడు కాగితం మీద సిరాలా చర్మం పై పొరలో అడ్డంగా వ్యాపిస్తాయి. ఈ దశ నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు సాగవచ్చు. తరువాత లోతుకు దిగుతాయి. ఇరుగుపొరుగు కణాలతో తమను బంధించి ఉంచిన జిగురువంటి ప్రోటీనును వదిలించుకొని, లోపలి పొరలలో కాలూనుకొనేందుకు వీలయిన మరొకదాన్ని ధరిస్తాయి. పిండదశలో నేర్చిన నడక మళ్ళీ గుర్తుకు వచ్చినట్లే ఉంటుంది. అక్కడినుంచి లసిక నాళాల వెంట గజ్జలోని గ్రంథులకు, నెత్తురు వెంట ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు ప్రయాణం. దేశాలు తిరిగే మచ్చ!

రోగి భవిష్యత్తు మచ్చ వెడల్పు కంటే దాని మందం మీదనే ఎక్కువగా ఆధారపడుతుందని అలెగ్జాండర్ బ్రెస్లో 1970లో నిరూపించాడు. ఒక మిల్లీమీటరు లోపు ఉండగా కోసి తీసివేస్తే చాలామందికి అంతటితో నయమవుతుంది. పాకిన తరువాత కూడా, శరీర రక్షణశక్తికి పడిన కళ్ళెం విప్పే మందులు కొందరిని ఏళ్ళతరబడి బ్రతికిస్తున్నాయి. ఆ మందులకు దారితీసిన కృషికే ఆలిసన్, హొంజో ఇరువురికీ 2018లో నోబెల్ బహుమతి లభించింది. అయితే అరికాలి మెలనోమా వీటికి అంత సులువుగా లొంగదు.

వీటిలో నాకు చేతనయినంత ఆ వృద్ధునికి చెప్పాను. పెద్దయ్యాక కొత్తగా వచ్చి పెరిగే మచ్చ, అంచు వంకరలు పోయి రంగులు కలగాపులగమైన మచ్చ, గోటిలో నిలువునా వచ్చి వెడల్పయ్యే నల్లగీత కనిపిస్తే చెక్కుకోకుండా వైద్యునికి చూపించాలన్నాను. పరీక్షకోసం వైద్యుడు ముక్క తీస్తే వ్యాధి పాకిపోతుందన్న భయం వద్దన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"అయితే, బ్లేడు వల్ల కాదా బాబూ? ఆ బ్లేడు నేనే కొనిచ్చేవాణ్ణి."

బ్లేడు వల్ల కాదనీ, ఆనెకాయ అనుకొని గడిపిన ఆ ఏడాది వల్లననీ చెప్పాను. ఆ జవాబు ఆయనకు ఎంత ఊరట కలిగించిందో నేను చెప్పలేను. పడవ దిగి వట్టి కాళ్ళతో వస్తున్న మనుమణ్ణి కేకేసి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకొని, "ఏదీ, కాలిలా పెట్టరా" అంటూ కళ్ళజోడు తగిలించుకున్నాడు.