చదరపు అడుగు లెక్కకు అందని పని

హాలుకు డిజైన్ టైల్స్ వేయించాలనుకున్నవారు షోరూమ్‌లో రంగు కోసం, పువ్వు కోసం గంటల తరబడి ఆలోచిస్తారు. మేస్త్రితో మాట మాత్రం ఒక్క ప్రశ్నతో ముగిసిపోతుంది: అడుగుకు ఎంత? ఏ డిజైనూ లేని సాదా టైల్స్‌కు ఆ లెక్క సరిపోవచ్చు. నాలుగు టైల్స్ కలిస్తేనే ఒక పువ్వయ్యే ఫ్లోరింగ్‌కు అది తప్పు కొలత. అలాంటి నేల అందం చాలావరకు మొదటి టైలు అతికించకముందే తేలిపోతుంది. మన బేరంలో ఆ ముందు పనికి పైసా కూలి లేదు.

వెడల్పు 11 అడుగుల 4 అంగుళాలు, అంటే 136 అంగుళాలు ఉన్న గదిని తీసుకోండి. టైలు అడుగు, పువ్వు రెండడుగులు. ఒక గోడ నుంచి వరసగా వేసుకుంటూ పోతే ఐదు పువ్వులు పట్టి, అవతలి గోడ దగ్గర 16 అంగుళాలు మిగులుతాయి. ఆరో పువ్వు అక్కడ మూడోవంతు తెగిపోతుంది. గుమ్మంలో అడుగుపెట్టగానే కన్ను ముందు అక్కడికే పోతుంది. అదే గది మధ్యలో దారం కట్టి, మూడో పువ్వు నడిమి భాగం సరిగ్గా ఆ దారం మీదికి వచ్చేలా పెడితే ఐదు పువ్వులూ నిండుగా నిలుస్తాయి, అటూ ఇటూ ఎనిమిదేసి అంగుళాలు మిగులుతాయి. అక్కడ సాదా రంగు టైల్స్ కోసి బోర్డరుగా వేస్తే హాలు నిండా చాప పరిచినట్టుంటుంది. ముగ్గు వేసే చెయ్యి కూడా వాకిలి వెడల్పుకు ఎన్ని చుక్కలు పడతాయో చూసుకున్నాకే గీత కలుపుతుంది కదా! పైగా టైల్స్ మధ్య సందులూ లెక్కలోకి వస్తాయి. 2 మిల్లీమీటర్ల చొప్పున పదకొండు సందులంటే 22 మిల్లీమీటర్లు, ముప్పావు అంగుళం దాటిపోతుంది. ఆ మేరకు బోర్డరు తగ్గించి కోయాలి.

దీనికి తోడు గోడలు మూలమట్టానికి ఉన్నాయో లేదో 3, 4, 5 అడుగుల కొలతతో చూసుకోవాలి. పెట్టెలన్నీ విప్పి బ్యాచ్ నంబర్లు సరిచూడాలి. డిజైన్ ఒకటే అయినా బ్యాచ్ మారితే రంగులో తేడా పడి, నేల మీద మరకలా కనిపిస్తుంది. ఆ తర్వాత సిమెంటు లేకుండా ఉత్తినే పేర్చి చూడాలి. వీటన్నిటికీ ఒక పూటైనా పడుతుంది, ఆ పూట ఒక్క అడుగు పనీ లెక్కకు రాదు. అడుగు చొప్పున కూలి తీసుకునే మనిషికి అది చేతికి రాని డబ్బు. అతను ఆ పని వదిలేస్తే నిర్లక్ష్యమనడం న్యాయం కాదు, మన బేరమే అతన్ని అటు నెట్టింది. టైలు కింద ఐదు సిమెంటు ముద్దలు పెట్టి నొక్కేయడానికీ ఈ తొందరే కారణం. ముద్దల మధ్య డొల్లగా మిగిలిన చోట బరువైనదేదైనా పడితే టైలు పగులుతుంది. విట్రిఫైడ్ టైలు నీటిని అర శాతం మించి పీల్చదు కాబట్టి వట్టి సిమెంటు పాలు దాన్ని గట్టిగా పట్టవు. టైల్ గమ్మును టైలు కింద అంతటా సమంగా పరచాలి, దానికీ సమయం కావాలి.

రోజుకూలి ఇస్తే పని సాగదీస్తారన్న భయం ఉంది. అది ఉత్త అనుమానమేమీ కాదు. అందుకే పని మొత్తం రోజుకూలికి ఇవ్వమనడం లేదు. కొలతలు తీసి పేర్చి చూపించడానికి విడిగా ఇంత అని మాట్లాడుకుని, అతికించే పని అడుగు లెక్కకే ఇవ్వవచ్చు. ఇప్పుడు మోర్బీ నుంచి పెద్ద టైల్స్ వస్తున్నాయి, డిజైన్ వాటి మీదే అచ్చయి ఉంటుంది, ఇంత లెక్క ఎందుకని అడిగేవారూ ఉన్నారు. వాటిలోనూ అంచుల దగ్గర ఒక టైలు గీత పక్క టైలు గీతతో కలవాల్సిందే. టైలు పెద్దదయ్యేకొద్దీ మట్టంలో కొద్ది తేడా కూడా కాలికి తగులుతుంది. ఇక ఖర్చంటారా, టైల్స్‌కు పెట్టే డబ్బు పక్కన ఒక పూట కూలి ఎంత?

పేర్చిన వరసలను ఇంటివాళ్లు గుమ్మంలో నిలబడి చూసి సరేనన్నాకే గమ్ము కలపాలని ముందే చెప్పుకోవాలి. ఆ పూట పువ్వు పక్కకు పోయిందనిపిస్తే టైల్స్ చేత్తో జరిపితే సరిపోతుంది. అతికించేశాక మర్నాటికి వాటిని సుత్తి పెట్టి పగలగొట్టాలి.